నలభై రోజులైనా మనసు బీడీ వైపే లాగుతుంటే

అడిగిన ప్రశ్న: "కాకా, మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా, సిరోంచ దగ్గర పల్లె. పికప్ బండి నడుపుతాను. పదమూడేళ్లు బీడీ తాగి, మానేసి ఇవాళ్టికి 40 రోజులు. మొదట్లో ఉన్న చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం అన్నీ పోయాయి. ఒంట్లో బాగానే ఉంది. కానీ చాయ్ తాగగానే, రాత్రి ఆలపల్లి రోడ్డు మీద బండి ఆపగానే, దోస్తులు కూర్చున్న చోటికి పోగానే మనసు పీకుతుంది. మొన్న ఒకడు బీడీ ఇస్తే చేతిలోకి తీసుకుని కాసేపు పట్టుకుని, తిరిగి ఇచ్చేశాను. వచ్చే నెల మంథనిలో మరదలి పెళ్లి. అక్కడ ఆగగలనా అని భయంగా ఉంది. ఇది జన్మంతా ఇంతేనా? నా మనసే బలహీనమా?"

బిడ్డా, ముందు నీ చివరి ప్రశ్నకే జవాబు చెప్తాను. చేతిలోకి వచ్చిన బీడీని తిరిగి ఇచ్చినవాడి మనసు బలహీనం ఎట్లా అవుతుంది? నీకు జరుగుతున్నది బలహీనత కాదు, అలవాటైన జ్ఞాపకం. దాని సంగతి తెలిస్తే భయం సగం పోతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను డాక్టరును కాను. బీడీలు చుట్టే తునికాకును ఎండబెట్టే కల్లాల మీద ముప్పై ఏళ్లు పనిచేశాను, మొదట చప్రాసీగా, తర్వాత కల్లం పెత్తనం చూసే కల్లేదారుగా. పద్దెనిమిదో ఏట బీడీ పట్టి 24 ఏళ్లు తాగాను. 2011 ఫిబ్రవరిలో మానేశాను. ఆ తర్వాత మానాలనుకునేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మా అరుగు మీద కూర్చోవడం మొదలైంది. వాళ్లందరిలో చూసినదీ, నేను పడినదీ, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ కలిపి చెప్తున్నాను.

ఒంటి గొడవ వేరు, మనసు గొడవ వేరు. రక్తంలో ఉన్న నికోటిన్ సగానికి పడిపోవడానికి సుమారు రెండు గంటలు చాలు. రెండు మూడు రోజుల్లో దాదాపు అంతా బయటికి పోతుంది. అప్పుడే చిరాకు, తలనొప్పి, ఆకలి, నిద్రలేమి బాగా ముదురుతాయి. మూడు నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. నువ్వు ఆ గట్టు ఎక్కేశావు. ఇప్పుడు మిగిలింది రెండోది.

పొగ పీల్చాక నికోటిన్ మెదడుకు చేరడానికి పది ఇరవై సెకన్లు పడుతుంది. అంత తొందరగా హాయి దొరికినప్పుడు, ఆ క్షణాన కళ్ల ముందు ఏముంటే దాన్ని మెదడు ఆ హాయితో కలిపి ముడి వేసుకుంటుంది. చాయ్ గ్లాసు, అగ్గిపుల్ల వాసన, బండి ఇంజను ఆపిన తర్వాతి నిశ్శబ్దం, దోస్తు నవ్వు, అన్నీ అట్లా ముడిపడినవే. అందులో బీడీ సంగతి సిగరెట్టు కన్నా ఘోరం. సిగరెట్టు వేళ్ల మధ్య ఊరికే పట్టుకున్నా కాలుతూ ఉంటుంది. బీడీ పీల్చకపోతే ఆరిపోతుంది. అందుకని గబగబా పీల్చాలి, ఆరితే మళ్లీ వెలిగించాలి. రోజుకు ఎన్ని తాగేవాడివో నువ్వు రాయలేదు. ఇరవై అనుకుందాం, ఒక్కో బీడీకి పది దమ్ములు. రోజుకు 200 సార్లు చెయ్యి నోటి దగ్గరికి పోయింది. ఏడాదికి 73,000. పదమూడేళ్లకు తొమ్మిదిన్నర లక్షలకు కొంచెం తక్కువ. అన్నిసార్లు చేసిన పనిని చెయ్యి నలభై రోజుల్లో మరచిపోవాలంటే ఎట్లా?

పావ్లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త కుక్కల మీద చేసిన ప్రయోగం బడిలో చదివే ఉంటావు. అన్నం పెట్టే ముందు ప్రతిసారీ ఒక చప్పుడు వినిపిస్తే, కొన్నాళ్లకు ఆ చప్పుడుకే కుక్క నోట్లో నీళ్లూరాయి. మన చాయ్ గ్లాసు ఆ చప్పుడే. పాఠం అక్కడితో ఆపేస్తారు గానీ, మనకు కావాల్సింది ఆ తర్వాతి సంగతి. చప్పుడు చేసి అన్నం పెట్టకుండా వదిలేస్తే, అట్లా పదే పదే చేస్తే, నోరూరడం తగ్గుతూ పోయింది. ఊరికే రోజులు గడిచినందుకు తగ్గలేదు. చప్పుడు వచ్చి, అన్నం రానందుకు తగ్గింది.

నేను నీకు చెప్పాలనుకున్నది మొత్తం ఇదే. 40 రోజులు, 60 రోజులు అని తేదీలు లెక్కపెట్టుకుంటున్నావు కదా, దాంతో పాటు సందర్భాలు లెక్కపెట్టు. చాయ్ తర్వాత బీడీ లేకుండా ఎన్నిసార్లు లేచావు? రాత్రి రోడ్డు మీద బండి ఆపి ఎన్నిసార్లు ఖాళీ చేతులతో మళ్లీ ఎక్కావు? ఏ సందర్భాన్ని పొగ లేకుండా ఎక్కువసార్లు దాటావో అక్కడ లాగడం తగ్గి ఉంటుంది, గమనించు. ఒక్కసారి కూడా దాటనిది, ఉదాహరణకు నీ మరదలి పెళ్లి లాంటిది, మొదటి రోజంత బలంగా వస్తుంది.

ఈ మాట నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. 2007 జనవరిలో మొదటిసారి మానేశాను. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఇక గెలిచానని అందరికీ చెప్పుకున్నాను. మే వచ్చింది, కల్లం మొదలైంది. నీకు తెలిసిందే, పొద్దుగూకేసరికి ఊళ్లోవాళ్లు తెంపి కట్టిన ఆకు కట్టలు తెస్తారు, వరుసలు పరిచి ఎండబెడతాం, రాత్రిళ్లు కావలి పడుకుంటాం. ఎండిన తునికాకు వాసన, నడిరాత్రి చల్లగాలి, పక్కన నెగడు. ఇరవై ఏళ్లు ఆ వాసనలో బీడీ తాగినవాణ్ని. మొదటి రాత్రే "ఒక్కటి ఇవ్వు" అని అడిగాను. వారం తిరిగేసరికి రోజుకు రెండు కట్టలు. నాలుగు నెలలు నేను దాటిందంతా ఇల్లు, బజారు. కల్లాన్ని దాటలేదు. అది దాటాల్సినదని కూడా నాకు తెలియదు.

ఇక లాగినప్పుడు ఏం చేయాలి? కల్లం మీద మిట్టమధ్యాహ్నం సుడిగాలి లేస్తే మనం ఏం చేస్తాం? దాని వెంట ఉరకం, దానికి ఎదురు నిలిచి కొట్లాడం. పరదా అంచు మీద కాలేసి, కళ్లు సగం మూసి నిలబడతాం. అది ఆకును లేపుతుంది, దుమ్ము కొడుతుంది, పోతుంది. బీడీ మీదికి మనసు పోవడం కూడా అంతే. మామూలుగా మూడు నుంచి ఐదు నిమిషాలు, బాగా ఎక్కువైతే పది. పెరుగుతుంది, ఒక చోట నిలుస్తుంది, దిగుతుంది. తాగకపోతే పెరుగుతూనే ఉంటుందని మనం అనుకుంటాం, ఎందుకంటే దిగేదాకా ఎప్పుడూ ఆగి చూడలేదు. అమెరికాలో అలన్ మార్లాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వ్యసనాలు మానేవాళ్లకు ఇదే నేర్పించాడు. కోరికతో వాదన పెట్టుకోకుండా, అది ఎట్లా లేచి ఎట్లా దిగుతుందో చూస్తూ ఉండమన్నాడు.

నువ్వు కూడా చూడు. రాగానే గడియారం చూసుకో. ఒంట్లో ఎక్కడ ఉందో వెతుకు. కొందరికి గొంతులో, కొందరికి ఛాతీలో, నాకైతే కుడిచేతి రెండు వేళ్లలో, చీమలు పాకినట్టు. "వచ్చింది" అని మనసులో అనుకో. ముక్కుతో నిదానంగా గాలి తీసి, నోటితో ఇంకా నిదానంగా వదులు, ఐదారుసార్లు. బీడీ తాగేటప్పుడు మనకు దొరికిన నెమ్మదిలో కొంత ఈ లోతైన ఊపిరిదే. దిగాక మళ్లీ గడియారం చూడు. నాలుగైదు రోజులు ఇట్లా చూస్తే, అది పది నిమిషాలు దాటి నిలవదని నీ కళ్లకే తెలుస్తుంది. నేను చెప్పిన దానికన్నా నువ్వు చూసింది గట్టిగా పనిచేస్తుంది.

ఆ పది నిమిషాల్లో మనసు మాట్లాడుతుంది. అది చాలా తెలివిగా మాట్లాడుతుంది, జాగ్రత్త. "ఒక్కటే కదా" అంటుంది. "నలభై రోజులు ఆగినవాడివి, కావాలంటే మళ్లీ ఎప్పుడైనా ఆగగలవు" అని నీ గెలుపునే నీ మీద వాడుతుంది. "ఇవాళ టెన్షన్ ఎక్కువ, ఇవాళ తప్పు లేదు" అంటుంది. అన్నింటికన్నా మోసం, అది చూపించే బొమ్మ. పొద్దున చాయ్ తర్వాత మొదటి బీడీనే చూపిస్తుంది. రుచీ పచీ లేకుండా తాగిన మిగతా పంతొమ్మిదింటిని చూపించదు. తెల్లారి దగ్గు, దగ్గరికి తీసుకుంటే మొహం తిప్పుకున్న పిల్లలు, జేబులో కాలిన చొక్కా, అర్ధరాత్రి బీడీ కట్ట కోసం దుకాణం తలుపు కొట్టడం, ఇవేవీ ఆ బొమ్మలో ఉండవు. మిగతా సగం నువ్వే గుర్తు చేసుకోవాలి. ఒక కాగితం మీద నీవి ఐదు రాసి బండి డాష్‌బోర్డులో పెట్టుకో. నేను పెట్టుకున్నాను, ఆకు లెక్కల పుస్తకంలో.

టెన్షన్ గురించి ఒక మాట. బీడీ తాగితే టెన్షన్ తగ్గుతుందని మనందరి నమ్మకం. అందులో ఎక్కువ భాగం, ముందు తాగిన బీడీ మత్తు దిగడం వల్ల పుట్టిన చిరాకే. తర్వాతి బీడీ దాన్ని తీరుస్తుంది, అంతే. మానేసి కొన్ని వారాలు గడిచినవాళ్లలో ఆందోళన, దిగులు ముందుకన్నా తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది. అయితే దిగులు తగ్గకుండా వారాల తరబడి నిలిచిపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా దాన్ని బీడీ మానడం ఖాతాలో వేసి ఊరుకోకు. 14416 కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు, తెలుగులోనూ మాట్లాడతారు.

చాయ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. పొగతాగేవాళ్ల ఒంట్లో చాయ్‌లోని కెఫీన్ తొందరగా అరిగిపోతుంది. పొగ మానేశాక అదే కెఫీన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. నువ్వు ఇదివరకు తాగినన్ని చాయ్‌లే ఇప్పుడూ తాగుతుంటే గుండె దడ, చేతుల్లో సన్నటి వణుకు, రాత్రి నిద్ర పట్టకపోవడం రావచ్చు. దాన్నే మనం బీడీ కోరిక అనుకుంటాం. చాయ్‌లు సగానికి తగ్గించు. మిగిలిన వాటిని తాగే తీరు మార్చు. నిలబడి తాగేవాడివైతే కూర్చొని తాగు, కుడిచేత్తో బీడీ పట్టేవాడివైతే గ్లాసు కుడిచేతిలో పెట్టుకో. గ్లాసు కింద పెట్టిన మరుక్షణం ఏం చేస్తావో ముందే అనుకుని ఉండు. "గ్లాసు పెట్టగానే లేచి మొహం కడుక్కుంటాను", ఇంత చిన్నది చాలు. అప్పటికప్పుడు ఆలోచిద్దామంటే అప్పటికప్పుడు ఆలోచించేది పాత అలవాటే. (ఉబ్బసానికి థియోఫిలిన్ గోళీలు వాడేవాళ్లు పొగ మానినట్టు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. దాని మోతాదు కూడా ఇట్లాగే మారుతుంది.)

చేతికి పని కావాలి. నేను నార పేనేవాణ్ని. ఆకు కట్టలు కట్టే నార ఎప్పుడూ జేబులో ఉండేది, వేళ్లు చీమలు పాకినట్టు అనగానే తీసి పేనేవాణ్ని. నీకు బండిలో సోంపు, లవంగం, దాల్చినచెక్క ముక్క పనికొస్తాయి. ఒక్కటి మాత్రం వద్దు: ఖర్రా. మన గడ్చిరోలి జిల్లాలో బీడీ మానినవాళ్లు ఎంతమంది ఖర్రాకు దొరికిపోయారో నేను చూశాను. సుపారీ, సున్నంతో నలిపి ఇస్తారు గానీ అందులో ఉన్నదీ పొగాకే, నికోటినే, నోటి క్యాన్సర్ తెచ్చేదే. పొగ లేదు కదా అని దోస్తు పెట్టినా తీసుకోకు.

దోస్తుల దగ్గరికి పోవాలా వద్దా? మొదటి నెల తప్పించుకు తిరగడం మంచిదే. నీకు ఆ నెల అయిపోయింది. ఇంకా తప్పించుకుంటూ ఉంటే ఆ చోటికి ఉన్న బలం అట్లాగే నిలిచి ఉంటుంది, నేను కల్లం దగ్గర పడినట్టు ఒకనాడు పడతావు. పైగా బీడీ ఒక్కటే పోలేదు నీకు, "అగ్గి ఉందా" అని మొదలయ్యే మాటలన్నీ పోయాయి. చాలామందికి ఆ ఒంటరితనమే బీడీగా కనిపిస్తుంది. కాబట్టి పో. కానీ పగటిపూట, కడుపు నిండా తిన్నాక, మనసు బాగున్న రోజున పో. వాళ్లలో ఒకడికి ముందే చెప్పు, "నేను అడిగినా ఇవ్వకు" అని. లాగడం మొదలవగానే లేచి రాకు. అది దిగేదాకా కూర్చుని, దిగాక రా. ఎక్కినప్పుడు లేచి వస్తే ఆ చోటంటే భయం మిగులుతుంది, దిగాక వస్తే అది దాటిన లెక్క. మందు ఉన్న చోట మాత్రం ఇప్పుడే వద్దు. మన జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉన్నా, గోదావరి వంతెన దాటి తెలంగాణలోకి పోతే ఏముందో నీకు తెలుసు. రెండు గుక్కలు పడ్డాక నేను పైన చెప్పినవేవీ గుర్తుండవు.

ఒకవేళ జారితే? ఒక్క దమ్ము కొట్టినందుకు కన్నా, కొట్టాక "అంతా పోయింది, ఇక మానేదేముంది" అనుకున్నందుకు ఎక్కువమంది మళ్లీ మొదలుపెట్టారు. 2007లో నేను చేసిందదే. ఆ ఒక్క రాత్రితో నాలుగు నెలలు చెరిగిపోలేదు, చెరిపేసింది నా మాట. జారితే ఆ బీడీని అక్కడే పారేసి, మిగిలిన కట్టను నీళ్లలో ముంచి, ఏ సందర్భంలో జారావో రాసుకో. అది నువ్వు ఇంకా దాటనిదన్నమాట, దానికి ప్రత్యేకంగా సిద్ధం కావాలి.

ఇక "జన్మంతా ఇంతేనా" అన్నావు. కాదు. మొదటి మూడు నెలల్లోనే బాగా పలచబడుతుంది. ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి, అదీ అరుదైన సందర్భంలో. నాకు చివరిసారి ఎప్పుడు వచ్చిందో చెప్తాను.

2010 డిసెంబరులో మన ప్రాణహితకు పుష్కరాలు వచ్చాయి. మా బావ, నేను తెల్లారుజామున స్నానం చేసి, చలికి వణుకుతూ ఇసుకలో కూర్చుని ఒకే అగ్గిపుల్లతో రెండు బీడీలు వెలిగించుకున్నాం. రెండు నెలలకు నేను మానేశాను. బావ మానలేదు. 2016లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు, చివరి ఏడాది పది అడుగులు నడిస్తే కూర్చునేవాడు. మళ్లీ పుష్కరాలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. మేనల్లుడు తండ్రికి పిండం పెడుతుంటే నేను ఒడ్డున నిలబడ్డాను. తడి ఇసుక వాసన తగిలిందో లేదో, నా చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. పదకొండేళ్ల తర్వాత! వేళ్లు బీడీ కోసం వెతుకుతున్నాయి. ఆ క్షణాన నాకు భయం వేయలేదు. ఇది పన్నెండేళ్లకు ఒకసారి వచ్చే సందర్భం, దీన్ని నేను ఇంతవరకూ దాటలేదు, అంతే అనిపించింది. చెయ్యి బయటికి తీసి నీళ్లు దోసిట పట్టాను. రెండు నిమిషాలు కూడా ఉండలేదు. నిజానికి నాకు కావాల్సింది బీడీ కాదు, పక్కన బావ.

నీ మరదలి పెళ్లి అట్లాంటి మొదటి సందర్భం. ఏ గంటల్లో కష్టమో ఇప్పుడే ఊహించు. తాళి కట్టే వేళ ఏమీ ఉండదు. భోజనాలయ్యాక టెంటు వెనక, బరాత్‌లో డీజే ఆగినప్పుడు, రాత్రి అందరూ అలిసి కూర్చున్నప్పుడు వస్తుంది. ఇంటి అల్లుడివి, నీకు పని చెప్పడానికి అందరూ సిద్ధంగానే ఉంటారు. భోజనాల తర్వాత తాంబూలాలు పంచే పని నువ్వే అడిగి తీసుకో. బరాత్‌కు పిల్లల్ని చూసుకునే బాధ్యత తీసుకో, భుజాన పిల్ల ఉన్నవాడికి ఎవడూ బీడీ ఇవ్వడు. నీ ఇల్లాలికి ముందే చెప్పు, "నేను కనిపించకపోతే ఫోన్ చెయ్యి" అని. ఎవరైనా బలవంతం చేస్తే పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, "మానేసిన, బావా" అని చిన్నగా అని మాట మార్చెయ్.

ఒక్కడివే కష్టమనిపిస్తే సాయం తీసుకోవడానికి మొహమాటపడకు. 1800-11-2356 అని పొగాకు ప్యాకెట్ల మీద అచ్చేసిన నంబరు ఉంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉన్నారు. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుంది. పెళ్లి లాంటి రోజుకు అది జేబులో ఉంటే ధైర్యం. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలి మింగకూడదు. నాలుక చురుక్కుమనే దాకా నమిలి, బుగ్గకు చిగురుకు మధ్య పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. దానికి పావుగంట ముందు నుంచి చాయ్ తాగొద్దు, తాగితే సరిగా పనిచేయదు. గుండె జబ్బు, బీపీ ఉంటే డాక్టరును అడిగాకే. వరెనిక్లిన్, బుప్రోపియాన్ అనే గోళీలు కూడా ఉన్నాయి, అవి డాక్టరు రాస్తేనే. మన జిల్లాలో పొగాకు, మద్యం మీదే పనిచేసే ముక్తిపథ్ వాళ్లు కూడా ఉన్నారు, వాళ్లనూ అడుగు.

పెళ్లి నుంచి వచ్చాక నాకు మళ్లీ రాయి బిడ్డా. తాగావా లేదా అన్నది ఒక్కటే కాదు. ఏ గంటకు వచ్చింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, ఎన్ని నిమిషాలు ఉంది, అది కూడా రాయి. నువ్వు మే నెలలో కల్లాల నుంచి ఆకు బస్తాలు తోలేవాడివైతే, దాని గురించి అప్పుడు వేరుగా మాట్లాడుకుందాం.